పోతే సరే, బతికితే?

"...పోతే డబ్బిస్తారంటే అర్థముంది. బతికిన మనిషికి డబ్బేంటండీ, బహుమానమా?" అంటోంది దర్జీ మాస్టారి భార్య.

"నువ్వు కాస్త ఆగు. ఆయన్ని చెప్పనీ," అన్నాడు మాస్టారు.

"ఇందాకట్నుంచీ చెబుతూనే ఉన్నారుగా. రోగాల పేర్లు వినీ వినీ నాకే నీరసమొచ్చింది."

ఆ పేర్లు చదివింది మా బావగారు. మా అక్క భర్త, జీవితబీమా ఏజెంటు. ఆయనలో వింత ఒక్కటే: చావు మీద బొత్తిగా ఆసక్తి లేదు. ఆ వృత్తిలో అది చిన్న లోపం కాదు. మిగతా ఏజెంట్లు గొంతు తగ్గించి, "రేపు మీకేదైనా అయితే..." అని ఆగుతారు. మా బావగారు ఆగరు. "పోతే సరే. బతికితే?" అంటారు.

ఒకసారి సెలూన్లో గడ్డం గీయించుకుంటూ, "గుండెపోటొచ్చింది, బతికావు, చాన్నాళ్లు కత్తి పట్టొద్దన్నారు. అప్పుడేంటి?" అని అడిగారు. సెలూన్ అతను కత్తి పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు. ఎంతకీ తేలలేదు. బావగారు ఒక చెంప నున్నగా, ఇంకో చెంప గరుగ్గా ఇంటికొచ్చారు.

"నన్ను మాత్రం అడక్కండి," అంది మా అక్క. "మీతో బతుకుతూనే ఉన్నాగా."

అడిగి ఊరుకున్నా బాగుండేది. సంతకానికి ముందు ప్రతి ఇంట్లోనూ ఆయన రిహార్సల్ పెడతారు. సంపాదించే మనిషి రోగిలా ఒక ఆదివారం కుర్చీలో కూర్చోవాలి. లేవకూడదు, సలహాలివ్వకూడదు. ఓ లారీ డ్రైవరు అలా కూర్చుని సాయంత్రం దాకా నిద్రపోయి, ఈ రోగం వారం వారం కావాలన్నాడు. పాలసీ మాత్రం తీసుకోలేదు.

ఇప్పుడు దర్జీ మాస్టారి వంతు. ఆయన దగ్గరున్నది రెండు చేతులూ ఒక మిషనూ. చెయ్యి పడిపోతే ఇల్లెలా అన్నది ఆయన దిగులు. ఉన్నదంతా కిస్తీలకి పోతే ఇల్లెలా అన్నది ఆవిడ దిగులు.

"మామూలు బీమా మీరు పోయాక ఇంట్లోవాళ్లకి," అన్నారు బావగారు. "ఈ రెండోది, వాళ్ల జాబితాలో ఉన్న పెద్ద జబ్బు వచ్చిందని డాక్టర్లు తేలిస్తే మీ చేతికే, ఒకేసారి. ఆస్పత్రికే కట్టాలని లేదు, ఇంటద్దెకీ కట్టుకోవచ్చు. జాబితాలో లేని రోగమొస్తే పైసా రాదు. తీసుకున్న కొత్తలో వచ్చినా రాదు."

"రెండూ కలిపి తీసుకుంటే?"

"కలపడంలో రెండు రకాలు. ఒకటి, ఒకే కుండ. రోగానికి ఎంత తోడుకుంటే తర్వాత ఇంటికి అంత తగ్గుతుంది. ఇంకోటి, దేని కుండ దానిదే. కిస్తీ ఎక్కువ."

"ఒకే కుండ చాలు లెండి," అన్నాడు మాస్టారు.

"ఆ, మీరు అడుగుదాకా తోడేసి పోతే నాకు ఖాళీ కుండ మిగుల్తుంది," అంది ఆవిడ.

మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టారు. మర్నాటికి ఇవ్వాల్సిన స్కూలు యూనిఫారాలు సగం కుట్టి ఉన్నాయి. ఆవిడ మిషను ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి అవి మడతపెట్టి ఉన్నాయి. మధ్యలో వంటైంది, అత్తగారికి మందులు పడ్డాయి, నలుగురొచ్చి బట్టలు తీసుకెళ్లారు. కుర్చీలో మాస్టారి మొహం చిన్నబోయింది.

"చూశారా? మాకక్కర్లేదు," అందావిడ.

బావగారిని వెంటబెట్టుకొచ్చిన నేను ఇక వెళ్దామని జేబులోంచి స్కూటరు తాళాలు తీశాను. బావగారు కదల్లేదు. "బాగుందమ్మా. ఇప్పుడు మీరు కూర్చోండి."

"నేనా? నేనేం సంపాదిస్తున్నానని?"

"కూర్చోండి తల్లీ. మీకు పక్షవాతం."

ఆవిడ నవ్వుతూ కూర్చుంది. అంతలో ఒకాయన చొక్కాల కోసం వచ్చాడు. అల్మారాలో మూటలన్నిటికీ రంగురంగుల పీలికలు కట్టి ఉన్నాయి. ఏ రంగు ఎవరిదో, ఎన్ని ముడులుంటే ఎప్పటికివ్వాలో ఆవిడకే ఎరుక. మాస్టారు ధైర్యం చేసి ఒక మూట అందించాడు. ఆ సన్నపాటాయన విప్పి చూసి, "ఇందులో నేనూ మా తమ్ముడూ కలిసి దూరాలా?" అన్నాడు. వంటింట్లో పాలు పొంగాయి. ఆవిడ లేవబోయింది.

"లేవకూడదు."

"నోరు పడిపోలేదుగా!"

"సలహాలూ లేవు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. లోపల్నుంచి ముసలావిడ, "కోడలా, మాత్ర!" అని పిలిచింది. మాస్టారు రెండు చేతుల్లో రెండు సీసాలతో గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఏది ఇవ్వాలో తెలీదు. అడగాలనుంది, అడక్కూడదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కుర్చీ దిగి కుడిచేతి సీసా అందుకుని లోపలికెళ్లింది. ఈసారి బావగారు వద్దనలేదు.

నేను ముక్కున వేలేసుకున్నాను. ఇన్నాళ్లూ ఆయన పాలసీ కొనే మనిషిని చూడ్డానికి వస్తున్నారనుకున్నాను. ఆయన వచ్చేది ఇంట్లో ఎవరూ చూడని మనిషిని చూపించడానికి. రిహార్సల్ వల్ల ఎన్ని బేరాలు పోయాయో నాకు తెలుసు. ఆయన కళ్లలో మాత్రం ఇప్పుడే పెద్ద బేరం కుదిరినంత వెలుగు.

"ఆవిడ పేరు మీద రాయొచ్చా?" అని మాస్టారు మెల్లగా అడిగాడు.

"రాయొచ్చు. కానీ కంపెనీ వాళ్లు ఆవిడ సంపాదనేంటని అడుగుతారు."

మాస్టారు రెండో సీసా కిటికీలో పెట్టాడు.

"రేపట్నుంచి కుట్టుకూలి సగం ఆవిడ ఖాతాలోనే పడుతుంది. ముందు ఆవిడకే తీసుకుంటున్నాం," అన్నాడు.