సిట్ మీద మామ ఉపన్యాసం

మా మేనమామ తిరుపతిలో ఇంగ్లీషు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు ఎంత ఇంగ్లీషు వచ్చో నేను చెప్పలేను గాని, తనకు ఇంగ్లీషు వచ్చునన్న సంగతి మాత్రం ఆయన నిద్రలో కూడా మరిచిపోయేవాడు కాదు. పాలు నీళ్ళగా ఉన్నాయని పాలవాడితో పోట్లాడినా మధ్యలో ఒక ఇంగ్లీషు ముక్క పడాల్సిందే. పాలవాడు దాన్ని తిట్టనుకుని మరునాడు ఇంకాసిన్ని నీళ్ళు కలిపేవాడు.

నేను ఆయన ఇంటికి చేరింది యుద్ధం రోజుల్లో, కిరసనాయిలు కోసం జనం పొద్దున్నే డబ్బాలు పట్టుకుని వరసలు కట్టే కాలంలో. నాకప్పటికి పంతొమ్మిదేళ్ళు. చిత్తూరులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో, హాస్టల్లో ఉండి ఫిఫ్తు ఫారం దాకా చదివాను. నాయన పోయాక చదువు మాన్పించి, తడలో సరుగుడు కట్టెల వ్యాపారం చేసే ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. ఆ సంబంధం తెచ్చింది మామే. పెళ్ళికొడుకు మద్రాసు దాకా కట్టెలు పంపుతాడని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ కట్టెల్లో కొన్ని ఇంట్లోనూ వాడతాడని చెప్పలేదు.

రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఎడమ చేతి మణికట్టు విరిగి, సరిగ్గా అతకక వంకరగా నిలిచిపోయాక, కట్టుగుడ్డలతో రైలెక్కి గూడూరులో మారి తిరుపతికి వచ్చేశాను. చంద్రగిరి దగ్గర పల్లెలో మా అమ్మ మా చిన్నాయన పంచన ఉండేది. ఆమెకే అక్కడ సరైన చోటు లేదు. అందుకని మామ గడప తొక్కాను.

"ఏమ్మే, చెప్పకుండా వచ్చినావే?" అన్నాడు మామ.

"చెప్తే రానిస్తారా మామా?"

"సరే, నాలుగు దినాలుండు. కోపం తగ్గినాక వాళ్ళే వచ్చి తీసకపోతారులే."

నా చేయి చూడలేదు. చూడమన్నా ఆయనకు కనబడదు, రెండు కళ్ళలోనూ పొరలు కమ్ముకున్నాయి. మద్రాసుకు వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పాడు. మామకు కత్తి అంటే భయం. ఆ భయాన్ని ఆయన "ప్రకృతి మీద గౌరవం" అనేవాడు.

ఇంటికొచ్చిన వాళ్ళకు అత్త నన్ను ఒకే తీరుగా పరిచయం చేసేది. "మా ఆడబిడ్డ కూతురు. మొగుణ్ణి వదిలేసి వచ్చి ఇంట్లో కూర్చోనుండాది." ఆమె ఆ మాట అనేటప్పుడు నేను బావి దగ్గర నీళ్ళు తోడుతూనో, రోట్లో పిండి రుబ్బుతూనో ఉండేదాన్ని. ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా నేను నడుం వాల్చింది లేదు. అయినా ఊరి లెక్కలో నేను కూర్చున్న మనిషినే.

నిజంగా కూర్చున్న మనిషి మామ. వీధి వసారాలో వాలుకుర్చీ వేసుకుని, కాళ్ళు దాని చేతుల మీద చాపి, పొద్దంతా అక్కడే ఉండేవాడు. ఆదివారం సాయంత్రాలు ఒక రిటైర్డు తాసిల్దారు వచ్చేవాడు. మామ ఏమన్నా "నిజం, నిజం" అనడం ఆయన పని. అందుకు ఆయనకు కాఫీ దొరికేది, చక్కెర దొరకని రోజుల్లో బెల్లం కాఫీ.

ఆ యేడు చిత్తూరులో ఒక సాహిత్య సంఘం వాళ్ళు మామను ఉపన్యాసానికి పిలిచారు. విషయం ఆయన ఇష్టమే. వారం పాటు ఆలోచించి, "సిట్" అనే ఇంగ్లీషు క్రియను సాహిత్యంలో ఎలా వాడారో చెబుతానని తేల్చాడు.

"ఇంగ్లీషోడి గొప్పతనం సూడప్పా," అన్నాడు తాసిల్దారుతో. "వాడి భాషలో కూర్చోనిది లేదు. పార్లమెంటు కూర్చుంటాది. కోడి కూర్చుంటాది. కోటు ఒంటిమీద కూర్చుంటాది. దుఃఖం మొగం మీద కూర్చుంటాది. మన తెలుగోడికి కూర్చునేదంటే పిర్రలు నేలకు ఆనించడమే. అంతకు మించి పోలేదు."

"నిజం, నిజం," అన్నాడు తాసిల్దారు.

నేను కాఫీ గ్లాసులు తీసుకుంటూ ఆగాను. "మన కోడి పొదుగుతాది గదా మామా. కొలువు తీరతాది. చొక్కా ఒంటికి కుదురుతాది. ఒక్కోదానికి ఒక్కో మాటుండాది."

"అందుకే గదమ్మే పేదరికం అనేది. ఇన్ని మాటలు పెట్టుకుని ఒక్కదాంతో గడుపుకోలేకపోయినాం."

అటక నిండా గిన్నెలున్న ఇంటిని పేద ఇల్లని, ఒక్క చెంబుతో స్నానమూ వంటా చేసుకునేవాణ్ణి జమీందారని అనడం నేను అప్పుడే విన్నాను. గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయాను.

ఉపన్యాసానికి ఉదాహరణలు కావాలి. ఉదాహరణలు పుస్తకాల్లో ఉన్నాయి, పుస్తకాలు అలమరలో ఉన్నాయి, కళ్ళు మాత్రం మామకు లేవు. తాసిల్దారుకు కళ్ళున్నాయి గాని ఇంగ్లీషు రెవెన్యూ దాటి రాదు. అలా నా చదువు మామకు గుర్తొచ్చింది. మధ్యాహ్నం వంటిల్లు కడిగాక నేను వసారాలో చాపమీద ఉండి నవలలు చదవాలి, సిట్ తగిలిన చోట ఆగాలి, మామ తల ఊపితే ఆ వాక్యం రాసుకోవాలి. నా ఉచ్చారణ తప్పినప్పుడల్లా ఆయన కుర్చీ చేతిమీద వేలితో కొట్టేవాడు. ఆయనది కూడా తప్పేనని తర్వాత నేను టీచరు ట్రైనింగు చేసినప్పుడు తెలిసింది.

అలా ఉండగా తడ నుంచి మా మరిది, మరో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ తెలుగులో సగం అరవం. వసారాలో పంచాయతీ పెట్టారు. నన్ను పిలవలేదు. తలుపు వెనక నుంచి విన్నాను.

"ఆడది కోపంగా వచ్చేది, పోయేది మామూలే," అన్నాడు మరిది. "శరి, అయిపోయినాది. ఇప్పుడు పంపిస్తే సాయంత్రం బండికి తీసకపోతాం."

మామ గొంతు సవరించుకున్నాడు. ఒక్క క్షణం నాకోసం మాట్లాడతాడేమోనని ఆశపడ్డాను.

"పంపిస్తాను. యాడికి పోతాది? అయితే నా ఉపన్యాసం కావల్లప్పా. ఆ పిల్ల సదివి పెడతా ఉండాది. అది అయినాక నేనే తెచ్చి దింపుతాను. మాటిస్తా ఉండాను."

మరిది ఏ ఉపన్యాసమని అడిగాడు. మామ చెప్పాడు. తడ పెద్దమనుషులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూర్చోవడం గురించి ఒక మనిషి ఇంత శ్రమపడతాడని వాళ్ళు నమ్మలేదు. ఆ ఒక్క విషయంలో వాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది. చివరికి "శరి, ఆగతాం," అని లేచి వెళ్ళారు.

ఆ రోజు నాకు రెండు సంగతులు తెలిశాయి. నన్ను ఉంచుకోవడానికి నా చేయి విరగడం మామకు కారణం కాదు, ఆయన ఉపన్యాసం కారణం. ఉపన్యాసం ముగియనంత కాలం నాకు ఈ ఇల్లుంటుంది. అప్పుడిక నేను సిట్‌ను వెతకడంలో ఎక్కడా లేని ఉత్సాహం చూపించాను. మామ చాలంటే నేను, "ఇంకొక రకం దొరికింది మామా," అనేదాన్ని. చర్చి గుట్టమీద కూర్చుంది. తిన్న మాంసం కడుపులో బరువుగా కూర్చుంది. దొరసాని బొమ్మ వేయించుకోవడానికి కూర్చుంది. కుర్రవాడు పరీక్షకు కూర్చున్నాడు. మామ మురిసిపోయి, సంఘం వాళ్ళకు తేదీ వెనక్కి జరపమని కబురు పెట్టేవాడు. ఆయన కీర్తి పెరుగుతోందనుకున్నాడు. పెరిగింది నా గడువు.

చదివే కొద్దీ ఇంకోటి కనబడింది. ఆ నవలల్లో మగవాడు గుర్రమెక్కుతాడు, ఓడ ఎక్కుతాడు, అప్పులు చేస్తాడు, తిరిగొస్తాడు. ఆడమనిషి కిటికీ దగ్గర కూర్చుంటుంది. నూరు పుటలు తిప్పాక చూస్తే ఆ కిటికీ దగ్గరే ఉంటుంది. రాసినవాడు అది ఎంతో అందంగా ఉందన్నట్టు వర్ణిస్తాడు. ఆమెకు టీ తెచ్చే పనిమనిషి మాత్రం ఏ పుస్తకంలోనూ కూర్చోదు. తెస్తుంది, నిలబడుతుంది, పోతుంది. అంత పెద్ద సాహిత్యంలో ఒక్క రచయితకూ ఆ పిల్లకు ముక్కాలిపీట వేయాలనిపించలేదు.

మామకు చెప్పాను.

"అది కథమ్మే, వ్యాకరణం గాదు," అన్నాడు.

"సిట్ ఎవరికి వాడినారో సెప్తా ఉండాను మామా."

"ఎవరికైతే ఏం? క్రియ క్రియే. నువ్వు తరువాతది సదువు."

తాసిల్దారు ఆ రోజు లేడు గాని, ఉంటే "నిజం, నిజం" అనేవాడు.

ఆయనే ఒక ఆదివారం మాటల్లో, చిత్తూరులో మా పాత బడిలోనే టీచర్ల ట్రైనింగు ఉందనీ, మొగుళ్ళు వదిలేసిన ఆడవాళ్ళను కూడా చేర్చుకుంటున్నారనీ, లోకం చెడిపోయిందనీ చెప్పాడు. మామ, అత్త కలిసి బాధపడ్డారు. నేను ఆ తర్వాత కొత్త ఉదాహరణలు వెతకడం మానేశాను. ఉపన్యాసం పూర్తయిందని మామకు చెప్పాను.

పాకాల మీదుగా రైల్లో చిత్తూరు వెళ్ళాం. తాసిల్దారు చుట్టాలింట్లో దిగాం. మామ భోజనం చేసి పడుకోగానే నేను బడికి వెళ్ళి, నాకు చదువు చెప్పిన పెద్ద టీచరమ్మను కలిశాను. ఆమె నా చేయి పట్టుకుని తిప్పి చూసింది.

"సీటుండాది. తిండి, బస మేం పెడతాం," అంది. "అయితే రేపు మీవాళ్ళొచ్చి బడి ముందర గలాటా చేయకూడదు. మీ పెద్దోళ్ళు ఎవరైనా సరేనని నాతో ఒక మాట అనాల."

"సాయంత్రం మీటింగుకు రండమ్మా," అన్నాను.

ఆమె వచ్చింది. హాలు వసారాలో ఒక పక్కన నిలబడింది. మామ కోటు తొడిగి, జరీ అంచు ఉత్తరీయం వేసుకుని తయారుగా ఉన్నాడు. లోపల అధ్యక్షుడు, ముప్పై మందికి లోపు జనం. కాగితాల కట్ట నా చేతిలో ఉంది.

"మామా, నేను ఈడ ట్రైనింగులో చేరతాను. టీచరమ్మ ఇక్కడనే ఉండాది. సరేనని సెప్పు."

"ఇప్పుడా ఆ మాట? మీటింగు కానీ, సూస్తాం పా."

"మీటింగయినాక నీకు నాతో పనుండదు మామా."

ఆయన చేయి చాచాడు. కట్ట ఇచ్చేశాను. మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, వెలుతురు వైపు తిరిగాడు. కాగితం తలకిందులుగా ఉంది. లోపల నుంచి ఎవరో మాస్టారు గారిని పిలుస్తున్నారు.

"తడోళ్ళకు నేను మాటిచ్చినాను గదమ్మే," అన్నాడు చిన్నగా.

"మాట నువ్విచ్చినావు. విరిగింది నా చెయ్యి."

మళ్ళీ పిలిచారు. మామ మొహంలో నా మీద జాలి వస్తుందేమోనని చూశాను. రాలేదు. హాలు వైపు ఆత్రం మాత్రం కనబడింది. ఆయన గిర్రున తిరిగి ఒక స్తంభం ముందు చేతులు జోడించి, "అమ్మా, మా పిల్ల చేరతాది. నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

"విన్నానయ్యా, సంతోషం," అంది టీచరమ్మ ఆయన వెనక నుంచి.

కాగితాలు తీసుకుని నేను ఆయన చేయి పట్టుకుని వేదిక ఎక్కించాను. రెండు కుర్చీలున్నాయి, ఒకటి మామకు, ఒకటి అధ్యక్షుడికి. నేను మామ కుర్చీ వెనక నిలబడి చదివాను. ఆయన ఒక్కో వాక్యాన్నీ తెలుగులోకి మార్చి, తెలుగు ఎంత వెనకబడి ఉందో వివరించాడు. అధ్యక్షుడు పార్లమెంటు కూర్చునే దాకా మేలుకుని ఉన్నాడు. చర్చి గుట్టమీద కూర్చుందని మామ అనగానే వెనక వరసలోంచి ఒకాయన, "ఎన్నేండ్లుగా కూర్చోనుండాదో పాపం, లేపండయ్యా, కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి," అన్నాడు. హాలంతా నవ్వింది. మామ అది మెచ్చుకోలనుకుని తల వంచి నమస్కారం పెట్టాడు. ముగిసేసరికి సగం మంది వెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీలు లెక్కపెట్టలేని కళ్ళు ఒక్కోసారి వరమే.

నేను చిత్తూరులో ఉండిపోయాను. వెళ్ళేటప్పుడు మామ నాతో అన్న మాట ఒక్కటే. "కోడి వాక్యం సదివేటప్పుడు గొంతు తగ్గించినావు." నా చీరలు అత్త ఒక ట్రంకు పెట్టెలో పెట్టి పంపింది. బాగున్న రెండింటిని ఉంచుకుంది. తడలో మొగుడు ఏడాది తిరక్కుండా ఇంకో పిల్లను చేసుకున్నాడని తెలిసింది. ఆ పిల్లను తలుచుకుని నాలుగు రోజులు అన్నం సయించలేదు. చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మామ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. ముందు మాటలో అధ్యక్షుడికి, తాసిల్దారుకు, ప్రెస్సు యజమానికి కృతజ్ఞతలున్నాయి. ఆయన కళ్ళెవరో అందులో లేదు. ఆ ఉదాహరణలన్నీ తానే "రాత్రింబవళ్ళు శ్రమించి" ఏరానని మాత్రం ఉంది.

ట్రైనింగు ముగిశాక నాకు ఏర్పేడు పక్కన ఒక పల్లెలో బడి ఇచ్చారు. ఒకటే గది, నలభై మంది పిల్లలు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి యేడు, ఒక మధ్యాహ్నం బడి ముందు ఎద్దుల బండి ఆగింది. బండివాడు మామను చేయి పట్టి దించాడు. చిక్కిపోయాడు. బండివాడి చేతిలో పుస్తకాల మూట ఉంది.

"ఏమ్మే, బాగుండావా? సంఘం వాళ్ళు మళ్ళీ అడగతా ఉండారు," అన్నాడు. వాళ్ళు అడగలేదని ఆయన గొంతే చెప్పింది. "ఈతూరి స్టాండ్ అనే క్రియ. సిట్ కన్నా పెద్దది. సెలవు పెట్టి ఒక నెల వచ్చినావంటే సాలు."

"నాకు బడుండాది మామా."

"ఈ పిల్లోళ్ళకు ఒక నెల పోతే ఏం కొంప మునగతాది?"

పిల్లలు పలకలు ఆపి మమ్మల్ని చూస్తున్నారు. వాళ్ళను లెక్కలు చేసుకోమని చెప్పి, మామను నేను ఉండే గదికి తీసుకెళ్ళి చారు అన్నం పెట్టాను. తిన్నంతసేపూ స్టాండ్ గురించే చెప్పాడు. అమ్మ ఎలా ఉందో, నేను ఎలా బతుకుతున్నానో అడగలేదు. సాయంత్రం రైలుకు తిరుపతి టికెట్టు కొని, మూటతో సహా ఎక్కించాను. మద్రాసు వెళ్ళి కళ్ళు చేయించుకోమని, తోడు కావాలంటే సెలవుల్లో నేనే వస్తానని చెప్పాను. సూస్తాంలే అన్నాడు. చేయించుకోలేదు.