అందిందా?

"...మూడు గదుల ఇంట్లో అంత కేక ఎందుకు నాన్నా? ఫైలు వెళ్లిందని తెర మీద కనిపిస్తోందిగా!"

"వెళ్లినట్టు నాకు కనిపిస్తోంది. అందినట్టు నువ్వు చెప్పాలి. అందిందా?"

"అందింది!" శ్రీలేఖ పళ్లు కొరికింది.

అచ్యుతరావుకున్న పిచ్చి ఇదొక్కటే. మధురానగర్‌లోని ఆ ఇంట్లో కంప్యూటర్లన్నిటినీ తీగతో కలిపి, అందరికీ ఒకే ఫోల్డర్ తెరిచి, దానికి 'ఉమ్మడి' అని పేరు పెట్టాడు. అందులో ఏం వేసినా ఇల్లదిరేలా "అందిందా?" అంటాడు. జవాబు వినిపించేదాకా కుర్చీ దిగడు. ఓసారి శ్రీలేఖ ఆన్‌లైన్ మీటింగులో ఉండగా కేకేస్తే, బెంగళూరు నుంచి ఆమె మేనేజరే "అందింది సార్" అన్నాడు.

ఆ తీగ వంటింటి కిటికీలోంచి పై అంతస్తులో ఒంటరిగా ఉండే మంగవ్వ ఇంటికీ పాకింది. తన పాత కంప్యూటర్ ఆమెకిచ్చి, రోజూ పొద్దున్నే ఒక పాట పంపుతాడు.

"అందిందా అక్కా?"

"అందింది తమ్మీ!"

అపార్టుమెంటంతా ఆ కేకలకే లేస్తుంది. అసోసియేషన్ ప్రెసిడెంటు విజయేందర్ ఓ ఆదివారం పొద్దున కటింగ్ ప్లేయరుతో దిగాడు.

"సార్, గోడకు రంగులేస్తున్నం. గా వైరు తీసెయ్యాలె. ఫోన్ల పంపుకోరాదుండ్రి? నీలం టిక్కులు సుత వస్తయ్ గదా."

"టిక్కులకి గొంతుందా? కొయ్యాలంటే ముందు నన్ను దాటండి," అంటూనే అచ్యుతరావు ఆ రోజు పాట పంపాడు. "అందిందా అక్కా?"

జవాబు లేదు.

"అక్కా! అందిందా?"

లేదు. అచ్యుతరావు లుంగీ ఎగ్గట్టి, చెప్పుల్లేకుండా మెట్లెక్కాడు. వెనక శ్రీలేఖ, ఆమె వెనక విజయేందర్.

తలుపు తీసిన మంగవ్వ మూతి ముడుచుకుని ఉంది. "నిన్న బతుకమ్మ పాటని చెప్పి నీ బిడ్డ ఆఫీసు లెక్కలు పంపిస్తివి. అందుకే అలిగిన. పలకలే."

అచ్యుతరావు గడపలోనే కూలబడ్డాడు. "మళ్లీ బాత్రూంలో పడ్డావనుకున్నానే!"

"మళ్లీనా?" అంది శ్రీలేఖ.

"పోయిన ఎండాకాలం పడ్డ బిడ్డా. పొద్దుమీకేదాక ఎవ్వలికి ఎరుక లేదు. గప్పుడే మీ నాయన గీ తీగ గుంజిండు."

"చెప్పొద్దన్నది నువ్వేగా అక్కా," గొణిగాడు అచ్యుతరావు.

విజయేందర్ గొంతు సవరించుకున్నాడు. "అయితే... గా వైరు..."

శ్రీలేఖ అతని వైపు తిరిగింది.

"వైరు అక్కడే ఉంటుంది విజయేందర్ గారూ. అందిందా?"