రుదైనా వెన్ను

ఇర్బిద్ ఊళ్ళో మా వీధిన రుదైనా చేత గౌను కుట్టించుకోని పెళ్ళికూతురు లేదు. రుదైనా కాలు కదిపిన పెళ్ళి మాత్రం ఒక్కటీ లేదు. పదిహేనో ఏట, పక్కకు వంకర తిరిగిన ఆమె వెన్నుకు ఆపరేషన్ చేసి, రెండు కడ్డీలు బిగించి, ఎముకలన్నీ ఒక్కటయ్యేలా అతికించారు. "నేను చెప్పేదాకా గెంతొద్దు" అన్నాడు డాక్టరు. మరుసటేడు ఆయన దేశమే వదిలి వెళ్ళిపోయాడు. ఇంకెవరు చెబుతారు? తల్లి నజీహా ఆ ఒక్క మాట పట్టుకుని, ఇరవై ఆరేళ్ళపాటు కూతుర్ని ప్రతి పెళ్ళిలోనూ తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఏం చాదస్తమో!

ఈమధ్య సాయంత్రమయ్యేసరికి రుదైనాకు నడుం కింద పట్టేస్తోంది. అన్న కూతురు లమార్ ఊరుకోలేదు, ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ నవ్వింది. "కడ్డీలు భేషుగ్గా ఉన్నాయి. ఎముక ఎప్పుడో అతుక్కుపోయింది. కింది కీళ్ళు కాస్త అరిగాయి, ఇన్నేళ్ళకి అది మామూలే. కుట్టుమిషను ముందు గంటలకొద్దీ కూర్చోకండి. బాగా నడవండి."

"పెళ్ళిళ్ళలో అందరితో వరసకట్టి దబ్కే ఆడొచ్చా?" రుదైనా కుర్చీ అంచుకు జరిగింది.

"నిక్షేపంగా! ఎవరొద్దన్నారు?"

రుదైనా బయట మెట్లమీద కూర్చుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. వచ్చే శుక్రవారమే లమార్ పెళ్ళి.

"నిన్నగాక మొన్న డాక్టరైన పిల్ల, దానికేం తెలుసు?" అని కొట్టిపారేసింది నజీహా. పెళ్ళిలో డోలు మోగగానే కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అత్తా, రా!" అవతల్నుంచి పెళ్ళికూతురి కేక.

"అమ్మా, వదులు."

"విరిగితేనో?"

"విరగదు. నువ్వు భయపడ్డావు, నేను కూర్చున్నాను. నాకు నలభై ఒకటే అమ్మా! ఇంకెప్పుడు?"

ముసలామె చెయ్యి వదిలేసి, కళ్ళు మూసుకుంది.

రుదైనా వరసలో దూరింది. మొదటి రెండు అడుగులూ తప్పాయి. ఆ తర్వాత చూడాలి! నడుం వంగదు, సరే, దబ్కేకి వంగే పనేముంది? భుజం భుజం కలిపి, నిటారుగా నిలబడి, కాళ్ళతో నేల అదరగొట్టడమేగా! ముందు నడిపిస్తున్న అన్న ఫవ్వాజ్ కుర్రాళ్ళమీద అరిచాడు. "ఏంట్రా ఆ వాలిపోవడం? మా చెల్లిని చూసి నిలబడండి!"

నజీహా కళ్ళు తెరిచింది. మరుక్షణం పందిరంతా దద్దరిల్లేలా నాలుక ఆడిస్తూ, మా ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో పెట్టే సంబరపు కూత పెట్టింది.

పాట అయ్యాక రుదైనా ఒగరుస్తూ వచ్చింది. పక్క కుర్చీ నిండా నజీహా చేతిసంచీ, శాలువా, మిఠాయి పొట్లం పరిచేసి ఉంది.

"అమ్మా, అవి తియ్యి. కాసేపు కూర్చుంటాను."

"ఇక్కడ ఖాళీ లేదు," అంది నజీహా కళ్ళు తుడుచుకుంటూ. "ఫో, ఆడుకో."