మసాజ్ కుర్చీ

అమెరికాలో పోస్టు ద్వారా జేబు రేడియోలు అమ్ముతూ మొదలై, మాల్ మాల్‌కీ పాకిన వింత వస్తువుల కొట్టు అది. లోరెట్టా అందులో ఇరవై రెండేళ్ళుగా సేల్స్‌మనిషి. మాట్లాడే గడియారాలు ఎంత వాగినా తలెత్తదు. గుమ్మం దగ్గర, కొనేవాళ్ళు కూర్చుని చూడ్డానికి పెట్టిన మసాజ్ కుర్చీ గుర్రుమందంటే మాత్రం పళ్ళు కొరుకుతుంది. రోజూ పదకొండింటికల్లా ముసలి హ్యాన్లన్ బూట్లు విప్పేసి అందులో పడి గంటసేపు గురక పెడతాడు. ఇన్నేళ్ళలో ఒక్క బ్యాటరీ కొన్న పాపాన పోలేదు.

ఇవాళ కొట్టుకి ఆఖరి రోజు. అలవాటుగా బూట్లు విప్పేసిన హ్యాన్లన్‌కి తివాచీ మీద నాలుగు గుంటలే కనిపించాయి.

"నా కుర్చీ ఏదమ్మా?"

"పొద్దున్నే అమ్ముడుపోయింది సార్. కొట్టు కూడా మూసేస్తున్నాం."

హ్యాన్లన్ బూట్లు చేత్తో పట్టుకుని మండిపడ్డాడు. "రోజూ వచ్చే కస్టమర్‌ని, నన్నే ఇలా చూస్తే మూతపడక ఏమవుతుందమ్మా!"