ఎస్తేరు ఏరుకున్న ఎనిమిది కార్డులు

మీ అమ్మాయికి పదకొండేళ్లప్పుడు, సెప్టెంబరు నెలలో, బడి ఉన్న రోజు పొద్దున తొమ్మిది గంటలకు ఆమె చేతిలో ఏముందో చెప్పగలరా? పెన్నో, పుస్తకమో, టిఫిన్ డబ్బానో అని తడుముకోకుండా అనగలిగితే దాన్ని మీ అదృష్టమని నేను అనను. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. ఎవరి పిల్ల బడిలో కూర్చోవాలో, ఎవరి పిల్ల చేనులో నిలబడాలో ఎవరో ఒకరు నిర్ణయించారు. మీకు అనుకూలంగా నిర్ణయించారు. అంతే.

మా అమ్మాయి చేతిలో కార్డులున్నాయి. బడికి బయల్దేరే ముందు, వనపర్తిలో మా ఇంటి ముందుగదిలో బండల మీద బోర్లా పడుకొని, కొత్తకోటలో హైవే పక్క దుకాణంలో కొన్న పొట్లాలు చింపి, మెరిసే ప్రాణుల బొమ్మలను వరుసగా పేరుస్తోంది. నిప్పు కక్కే తొండ, మూడు తోకల తేలు, ఉక్కు రెక్కల గద్ద. వీటిలోంచి ఒకే తావుకు చెందినవాటిని ఏరి దండు కట్టాలట. "నాయినా, అన్నీ బలమున్నవే పెట్టుకుంటే ఎట్లుంటది?" అని అడిగింది. కొత్త అట్ట మీది రంగు వాసన, కొంచెం కిరోసిన్‌లా కొంచెం జిగురులా ఉండే ఘాటు వాసన నా ముక్కుకు తగిలింది. కోపం వచ్చింది. పిల్ల మీద కాదు. ఆ ప్రశ్నకు జవాబు పాతికేళ్ల కిందటే ఒక పిల్ల నాకు చెప్పింది. ఆ పిల్లకు నేనేం చేశానో గుర్తొచ్చింది.

మాది గట్టు మండలంలో ఒక చిన్న ఊరు. బాల్యం గురించి రాసేవాళ్లు పూల వాసన గురించి రాస్తారు. మా ఊరి పూలకు పురుగుమందు వాసన ఉండేది. జూన్ వానకు ఎర్రనేల తడిసి మెత్తబడితే, బోరు ఉన్న ప్రతి రైతూ ఎకరమో రెండెకరాలో సీడు పత్తి పెట్టేవాడు. సీడు పత్తి అంటే విత్తనం కోసం పెంచే పత్తి. ఆగస్టు వచ్చేసరికి చేలల్లో మొగ్గలు, గట్ల మీద మందు డబ్బాలు, ఇళ్లల్లో సజ్జరొట్టెలు కాలుస్తున్న పొగ, దంచిన పల్లీల కారం ఘాటు, దసరా దగ్గర పడేకొద్దీ బచ్చాల కోసం, అంటే బొబ్బట్ల కోసం ఉడుకుతున్న శనగపప్పు, బెల్లం, అన్నీ కలిసి ఒకే వాసనగా ఊరంతా పరుచుకునేవి. ఆ వాసన నాకు తీయగా గుర్తుండాలని కొందరు కోరుకుంటారు. గుర్తుంది, కానీ తీయగా కాదు.

అప్పుడు మేం ఆరో తరగతి. చిర్రగోనె, గోటీల ఆటలు పాతబడిపోయి కార్డుల ఆట కొత్తగా వచ్చింది. గద్వాల నుంచి వచ్చే చిప్స్ పొట్లాల్లో వింత ప్రాణుల కార్డులు దొరికేవి కానీ, పొట్లం కొనగలిగిన పిల్లలు క్లాసులో ఇద్దరో ముగ్గురో. అందుకని మా ఇంటికి విత్తనాలు వచ్చిన అట్టపెట్టెలను నేను తెచ్చేవాణ్ని. మా క్లాసులోని ఎస్తేరు వాటిని సమానంగా కత్తిరించి, బొగ్గుతో, పసుపుతో, ఆకుల పసరుతో మాకు తెలిసిన ప్రాణుల బొమ్మలు వేసేది. ఎస్తేరు తల్లిదండ్రులు పూణెలో బిల్డింగు పనికి పోయేవారు. అక్క సలోమినీ ఈమెనూ అవ్వ సాకేది. ఆదివారం చర్చిలో పాటలు పాడినంత గట్టిగానే ఈ పిల్ల క్లాసులో నాతో వాదించేది.

ఆట తేలికే. ఒక్కొక్కరికి ఎనిమిది కార్డులు. ఎనిమిదీ ఒకే తావులో బతికే ప్రాణులై ఉండాలి: గుట్ట దండు, వాగు దండు, చేను దండు. నేనొక కార్డు వేస్తే నువ్వొకటి వేస్తావు. నా ప్రాణి నీ ప్రాణిని తింటుందని చెప్పగలిగితే నీ కార్డు నాది. అయితే తినడం కంటితో చూసి ఉండాలి, విన్నది చెల్లదు. ఈ చివరి నియమం పెట్టింది ఎస్తేరు.

నేను గుట్ట దండు కట్టాను. చిరుత, తోడేలు, కొండచిలువ, గద్ద, అన్నీ కోరలూ గోళ్లూ ఉన్నవే.

"చిరుత దేన్నన్న తినంగ చూసినవా, చిన్న పటేలా?" అంది ఎస్తేరు.

"మా తాత చూసిండు."

"అయితె మీ తాతను తోలు ఆటకు. నువ్వు పో."

పిల్లలంతా నవ్వారు. ఆమె నా కార్డులను తిరగేసి చూసి, "అయినా నీవన్నీ తినేటివే. రేపు పొద్దుగాల ఏం తింటయి ఇవి? ఒగదాన్నొగటి తినాలె" అంది.

ఆమె చేను దండు కట్టింది. పేనుబంక, తెల్లదోమ, కాయ తొలిచే పచ్చపురుగు, ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగు, ముందుకాళ్లు జోడించి నిలబడే గొల్లభామ, సాలెపురుగు, తొండ, తేనెటీగ. ఒక్కో కార్డు కోసం ఎంతసేపు ఆలోచించేదో. పేనుబంకను ఎందుకు పెట్టావు, నలిపితే చస్తుంది కదా అని అడిగితే, "అది లేకుంటె అక్షింతల పురుగు ఉపాసముంటది" అంది. తేనెటీగ ఎవరినీ తినదు కదా అంటే, "అది లేకుంటె కాయనే లేదు, ఇంక చేనేంది?" అంది. తొండను పెట్టి పామును వదిలేసింది, పాము తినడం తను చూడలేదు కాబట్టి.

మా సైన్సు సారు ఒకరోజు ఈ ఆటను కిటికీలోంచి చూసి లోపలికి వచ్చి మా మధ్య కూర్చున్నాడు. దసరా తర్వాత గద్వాలలో జరిగే సైన్సు మేళాకు ఈ చేను దండునే పంపుదామన్నాడు, ఎస్తేరే నిలబడి చెప్పాలన్నాడు. అక్కడ బాగా చెబితే హాస్టలు ఉన్న బడిలో సీటు ఇప్పిస్తానని ఆమె అవ్వ దగ్గరికి పోయి మాటిచ్చాడు. గడప మీద కూర్చున్న అవ్వ నములుతున్న పొగాకును దవడకు నెట్టింది. "చదువనియ్యి సారూ. పెద్దది పోతనే ఉంది గద చేనుకు." సలోమి చేనుకు పోతున్నంతకాలం ఎస్తేరు బడికి రావచ్చు. ఆ ఇంటి లెక్క అది. ఆ చేను మాది.

సీడు పత్తిలో పని ఏమిటో చెప్పాలి. మధ్యాహ్నం నుంచి ఆడ పత్తి మొగ్గలను వలిచి, లోపలి పుప్పొడిని గోటితో గీరేయాలి. మర్నాడు పొద్దున మగ పత్తి పువ్వును తెచ్చి ఆ మొగ్గ నడుమ కాడ మీద రుద్ది, గుర్తుకు తెల్లదారం కట్టాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. తేనెటీగ చేసే పని అది, మనిషి చేత చేయిస్తారు. అయితే అందరు మనుషుల చేతా కాదు. పెద్దమనిషి అయిన ఆడపిల్ల చెయ్యి తగిలితే కాయ నిలవదు, రాలిపోతుంది అని మా ఊళ్లో గట్టి నమ్మకం. అందుకని తొమ్మిదేళ్ల పిల్లలు, పదేళ్ల పిల్లలు, పదకొండేళ్ల పిల్లలు కావాలి. మా నాయిన చేను మొదట్లో నిమ్మకాయ కోసి, పసుపు చల్లి, చెప్పులు గట్టు మీద విడిచి, ఒక్కొక్క పిల్లను పేరుపేరునా "ఇంక కాలే గద?" అని, అంటే పెద్దమనిషి కాలేదు కదా అని అడిగి లోపలికి పంపేవాడు. ఆ నమ్మకం ఎంత అనుకూలమైనదో చూడండి. ఎదురు మాట్లాడలేని వాళ్లను, పని గంటలు తెలియని వాళ్లను, వంగితే నడుము నొప్పి అని చెప్పడం కూడా రాని వాళ్లను ఏరి తెచ్చేది ఆ నమ్మకమే. దానికి దేవుడి పేరు పెట్టారు.

ఒకరోజు బడి వెనక గోడ నీడలో, తేనెటీగ బొమ్మకు పసుపు రుద్దుతూ ఎస్తేరు నాతో అంది, "ఈగ పువ్వు మీద వాలెటప్పుడు, అయినవా కాలేదా అని దాన్ని సుత మీ నాయిన అడుగుతడా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. సలోమి ఆగస్టులోనే పెద్దమనిషి అయింది. అవ్వ ఎవరికీ చెప్పలేదు, పీట మీద కూర్చోబెట్టలేదు, ఏ వేడుకా చేయలేదు. సలోమి మర్నాటి నుంచే చేనుకు వచ్చింది. నెలన్నరగా వస్తోంది.

"బడి లేని దినాలు నేను పోయి, అక్క రుద్దిన మొగ్గలకు నల్లదారం కట్టిన. ఆ వరుసల మొత్తం నల్లదారమే. దిష్టికి అనుకుంటుండ్రు అందరు. పోయి చూడు, ఒగ్గటి రాలలె." తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు. చెప్తె మా అక్కను తీస్తరు."

చెప్పనన్నాను.

నేను చెప్పాను. ఆ రాత్రే, అన్నం ముందు. ఎందుకో దాచకుండా రాస్తాను: గెలవాలని. సారు ఆ వారమే క్లాసులో రుజువు అంటే ఏమిటో చెప్పాడు. నా చేతిలో రుజువు ఉంది. నాయిన తప్పు అని నిరూపించడం కంటే పెద్ద ఆట ఆ వయసులో నాకేం ఉంటుంది? నేను మాట్లాడుతుంటే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నెలకు మూడు రోజులు పొయ్యి ముట్టుకోకుండా పక్కన కూర్చునే అమ్మ. నాయిన అరవలేదు. "ఏ వరుస?" అన్నాడు.

పొద్దున నేనే చూపించాను. ముందు నడిచాను కూడా. మంచు తడికి నల్లదారాలు ఇంకా నల్లగా కనిపిస్తున్నాయి. ప్రతి దారం పక్కన పిడికిలి నిండేంత కాయ. నాయిన ఒక్కొక్క కాయనూ రెండు వేళ్లతో నొక్కి చూశాడు. గట్టిగా ఉన్నాయి. వాటి పక్కన తెల్లదారం కాయలకూ వీటికీ తేడా లేదు. నేను ఆయన ముఖం వైపు చూస్తున్నాను, ఇప్పుడు ఒప్పుకుంటాడు అని.

ఆయన వంగి దారాలు తెంపడం మొదలుపెట్టాడు. కాయలను ముట్టలేదు. ఒక్క దారం మిగలకుండా తెంపి, ఉండ చుట్టి గట్టు అవతల పారేశాడు. కాయలు మా ఇంటికి వచ్చాయి.

"మరి కాయలెట్ల నిలిచినయి నాయినా?"

"దాచిపెట్టి చేసిండ్రు. దేవుడు సుత చూడనట్టు పోయిండు. నువ్వు ఇంట్ల ఉండు."

మా నాయిన చెడ్డవాడు కాడు, కాలం అలాంటిది అని రాయమని స్నేహితులు అంటారు. రాయను. ఆయన రుజువును చూశాడు, వేళ్లతో నొక్కి చూశాడు, తనకు పనికొచ్చే సగం ఉంచుకొని మిగతా సగం పారేశాడు. అది అజ్ఞానం కాదు. నేను పెద్దయ్యాక ఎన్ని చర్చల్లో కూర్చున్నానో, ఎదుటివాళ్లు చేతిలో కాయ పట్టుకొని దారం తెంపడం అన్ని చోట్లా చూశాను.

ఆ రోజే ఆయన అవ్వ గడప ముందు నిలబడ్డాడు. సలోమి ఇంక రాకూడదన్నాడు. "సీజన్‌కు ఒప్పుకున్న చెయ్యి తగ్గొద్దు. చిన్నది ఇంక కాలే గద, దాన్ని తోలు." అవ్వ పొగాకు ఉమ్మేసి, "పటేలా, సారుకు మాటిచ్చిన" అంది. "సారు పెడ్తడా మీకు జొన్నలు?" అన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఎస్తేరు లోపలి నుంచి వచ్చి, ఎనిమిది కార్డులను నా చేతిలో పెట్టింది. తిట్టలేదు. "సారుకు ఇయ్యి" అంది. తిడితే బాగుండేది.

సారు రెండు రోజులు చూశాడు. మూడో రోజు, "సీజన్ గదరా, ఏం చేస్తం" అన్నాడు. రుజువు గురించి చెప్పిన నోటితోనే అన్నాడు. మేళాకు నన్ను పంపాడు. గద్వాలలో టేబుల్ వెనక నిలబడి, పేనుబంక లేకపోతే అక్షింతల పురుగు ఉపవాసం ఉంటుందని నేనే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత బాగా ఆలోచించావు బాబూ అన్నారు. నాదే అన్నట్టు నవ్వాను.

ఎస్తేరు ఆ ఏడు బడికి తిరిగి రాలేదు. మరుసటి ఏడు పూణె పోయింది. రెండేళ్ల కిందట కొత్తకోట బస్టాండులో కనిపించింది. నెత్తిన సంచి, పక్కన సలోమి. నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"మీ చేనుల ఇప్పుడు మా అక్కనే క్రాసింగ్ చేస్తుంది, ఎరికేనా? పెద్దోళ్లే చేస్తుండ్రు అందరు. కాయ మంచిగనే నిలుస్తుంది."

సలోమి పకపకా నవ్వింది. ఎస్తేరు నవ్వలేదు. "బస్సొచ్చింది" అని పోయింది.

అవును, ఆ నమ్మకం మా ఊళ్లో ఇప్పుడు లేదు. ఎవరూ దాన్ని వాదించి ఓడించలేదు. చేలల్లో పిల్లలుంటే విత్తనం తీసుకోబోమని కంపెనీలు అనడం, తనిఖీ జీపులు రావడం మొదలయ్యాక ఒక్క సీజన్‌లో మాయమైంది. నిమ్మకాయలు పోయాయి, పసుపు పోయింది, మందుల దెబ్బకు అక్షింతల పురుగులు కూడా పోయాయి. తరాల నాటిదని చెప్పిన దైవ నియమం జీపు చప్పుడుకు పారిపోయింది. అంటే అది ఎప్పుడూ నమ్మకం కాదు, ఒక సౌకర్యం. ఆ సౌకర్యానికి ఎస్తేరు చదువు ఖర్చయింది. అందులో నా వంతు నేను ఇచ్చాను.

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక సభలో ఈ సంగతి చెబితే, ముందు వరుసలో ఒక పెద్దమనిషి "అదంతా పాతకథ సార్" అన్నాడు. మర్నాడే బండి తీసుకొని సీడు పత్తి ఊళ్ల గుండా పోయాను. ఒక బడిలో ఆరో తరగతి గదిలోకి తొంగిచూస్తే ఆడపిల్లల వైపు చివరి వరుస ఖాళీగా ఉంది. ఎందుకు రాలేదని అడిగాను. "జ్వరాలు" అన్నాడు టీచర్. అయిదుగురికీ ఒకేసారి జ్వరం. జీపు తారురోడ్డు వరకే వస్తుంది, చేలు లోపల ఉంటాయి.

కాబట్టి ఇది చదివి నిట్టూర్చి పక్కన పెట్టకండి. మీ నిట్టూర్పు ఎవరికీ పనికిరాదు. ఈ సెప్టెంబరులో ఒక పనిదినం సెలవు పెట్టండి. మీకు దగ్గర్లో ఉన్న సీడు పత్తి ఊరి బడికి పొద్దున పోయి హాజరు పట్టీ అడగండి. లేని పిల్లల పేర్లు రాసుకోండి. జ్వరం అంటే ఇంటికి పోయి చూడండి. ఇంట్లో లేకపోతే చేనుకు పోండి. గట్టు మీద నిలబడి ఆ పిల్లను పేరు పెట్టి పిలవండి. రైతు మీ బంధువైనా సరే, మీ నాయిన అయినా సరే, ఆ పిల్ల చెయ్యి పట్టుకొని బడికి తీసుకురండి. ఆ ఇంటికి ఆమె స్థానంలో గింజలు ఎట్లా అందాలో ఊరి పెద్దలను కూర్చోబెట్టి అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి లేవకండి.