మెయిలు రాని రోజున వచ్చిన ఉత్తరం

పార్సిలు విప్పగానే కొత్త పుస్తకం వాసన గుప్పుమంది. అందరూ ఆ వాసన బాగుంటుందంటారు, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని మరీ పీలుస్తారు, నాకు మాత్రం జిగురూ సిరా కలిసిన ఆ వాసన తగిలితే చాలు, కడుపులో మంట మొదలవుతుంది. ఏడాదికి ఒకటి, ఒక్కో ఏడాది రెండు, విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని నా ఇంటికి ఇలాంటి పార్సిళ్లు వస్తూనే ఉన్నాయి. అట్ట మీద నెత్తుటి మరకో, సగం తెరిచిన తలుపో, తాళంచెవుల గుత్తో ఉంటుంది, దాని కింద లావుపాటి అక్షరాలతో పైడితల్లి అని ఉంటుంది. ఇంటిపేరు కూడా ఉండదు, మహారాణికి అక్కర్లేదన్నట్టు. డిటెక్టివు నవలలూ దెయ్యాల నవలలూ కలిపి నలభై దాకా రాసింది. అన్నీ నా బీరువాలో వరసగా ఉన్నాయి. అన్నీ చదివాను. ఒక్కటంటే ఒక్కటి కూడా బాగుందని ఆమెతో చెప్పలేదు.

ఊరి చివర హిజ్లీ ఐఐటీలో ఇంజనీరింగు చదివే తెలుగు పిల్లలు కొందరు ఆదివారం చర్చి అయ్యాక నా ఇంటికి భోజనానికి వస్తారు. వాళ్లలో వరంగల్ అమ్మాయి స్రవంతి, బల్ల మీది పుస్తకం చూసి చెంగున లేచింది. "ఆంటీ, నిజంగ ఈమె మీ ఫ్రెండా? మా అమ్మ ఈమె నవల పట్టుకుందంటే పొయ్యి మీద కూర మాడుడే!" అంది. గోంగూర పచ్చడి వడ్డిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే పైడి మాటలకు మొట్టమొదట మాడింది కూర కాదు, మా ఇంటి పప్పు. నాకు పన్నెండేళ్లప్పుడు, నీమ్‌పురా రైల్వే క్వార్టర్లలో, మా వరండా పక్క వంటింట్లో. నా అసూయ ఆ మాడు వాసనతోనే పుట్టింది.

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నా రెండే కులాలు అనేవారు మా నాన్న నవ్వుతూ: వర్క్‌షాపు వాళ్లు, రన్నింగు వాళ్లు. మా నాన్న వర్క్‌షాపు ఫిట్టరు. మా ఇంట్లో అన్నీ సైరనుతోనే. పొద్దున సైరనుకు నాన్న సైకిలెక్కేవారు, మధ్యాహ్నం సైరనుకు అమ్మ అన్నం వార్చేది, సాయంత్రం సైరను కూశాక వీధి వీధంతా సైకిలు గంటలతో మోగిపోయేది, నాన్న చొక్కాలోంచి నూనె తుడిచిన దూది వాసన ఇల్లంతా కమ్మేది. రైళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో మాకు పట్టేది కాదు. పైడి వాళ్ల నాన్న గార్డు. వాళ్లది రన్నింగు ఇల్లు, బళ్ల మీద తిరిగే డ్యూటీ. వాళ్లింట్లో గడియారం ఉన్నా ఎవరూ దాన్ని చూసేవారు కాదు. ఏ బండి లేటు, ఏ బండి ఎక్కడ ఆగింది, నాన్న ఎప్పుడొస్తాడు, ఈ లెక్క వాళ్లింట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసేది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

వైశాఖంలో సాయంత్రాలు ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి కాలబైశాఖి గాలి లేచేది, క్వార్టర్ల ముందు ఆరేసిన చీరలన్నీ ఎగిరిపోయి ఎవరి చీర ఎవరి పెరట్లో పడిందో వెతుక్కోవడమే ఒక పండగలా ఉండేది, ఆ వెంటనే రాలిన పచ్చి మామిడికాయలకోసం మేం గౌన్లు ఒడిపట్టుకుని పరిగెత్తేవాళ్లం. దసరాకు మైదానంలో రావణుణ్ణి కాల్చేవారు, మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపిన ఝాల్‌మురి పొట్లాలు కొనుక్కుని బెంగాలీ పిల్లలతో కలిసి చూసేవాళ్లం. క్రిస్మస్‌కు మా మామ్మ ఇనప అచ్చు పిండిలో ముంచి నూనెలో గులాబీ పువ్వులు కాల్చేది, వీధిలో ప్రతి ఇంటికీ పళ్లేలు నేను మోసేదాన్ని. పైడి వెంట వచ్చేది, దారిలో సగం తినేసేది, అడిగితే కాకి ఎత్తుకుపోయిందనేది. మామూలు కాకి కాదు, ఒంటికన్ను కాకి, వాటర్ టాంకు మీద కాపురం, దాని పెళ్లాం చచ్చిపోయి మూడు రోజులైంది. ఇదంతా నోటినిండా గులాబీ పువ్వు పెట్టుకునే చెప్పేది. మా మామ్మ తిట్టబోయి నవ్వేసేది. నేను నిజం చెప్పినప్పుడు మా మామ్మ ఎప్పుడూ అలా నవ్వలేదు.

మా ఇద్దరిదీ ఒకటే ఆట. స్టేషను పైనున్న వంతెన మీద నిలబడి, దిగే జనంలో ఒకర్ని ఎంచుకుని, అతనెవరో చెప్పాలి. నేను బట్టలు చూసి, సంచి చూసి, "కటక్ నుంచి వచ్చిన గుమాస్తా" అనేదాన్ని. సరిగ్గానే చెప్పేదాన్నేమో. పైడి అదే మనిషిని చూసి, "ఆడి సంచీలో ఆడిదే ఫొటో ఉన్నాది, దండేసినది. ఆడు సచ్చిపోనాడని ఇంటికాడ అనుకుంతన్నారు, ఇప్పుడెల్లి తలుపు కొడతాడు" అనేది. నేను ఆ గుమాస్తాను వదిలేసి, ఆ చచ్చినవాడి వెనకాల కళ్లప్పగించి చూసేదాన్ని.

ఇంతకీ పప్పు సంగతి. మా వీధి ఆడవాళ్లందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, చదవడం మాత్రం దాదాపు ఎవరికీ రాదు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, బళ్లో నేర్చింది బెంగాలీనో హిందీనో. నాకూ పైడికీ కూడా బెంగాలీ బడే. కానీ మా మామ్మ నన్ను రోజూ బైబిలు ముందు కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది, అందుకని వీధి మొత్తానికి చదివిపెట్టే పిల్లను నేనే. పైడి వాళ్ల నాన్న దక్షిణం వైపు డ్యూటీకి వెళ్లొచ్చినప్పుడల్లా ఒక తెలుగు వారపత్రిక తెచ్చేవాడు. మధ్యాహ్నం పూట మా వరండాలో పదిమంది చేరేవారు, బియ్యం ఏరుకుంటూ, తలలు దువ్వుకుంటూ. నేను పీట మీద కూర్చుని సీరియలు చదివేదాన్ని. "గొంతు గట్టిగా ఎత్తి సదవ్వే పంతులమ్మా!" అని అరిచేవాళ్లు. నా జీవితంలో సింహాసనం లాంటిది ఏదైనా ఉంటే ఆ పీటే.

ఒక వారం పత్రికలో సీరియలు చివరి పేజీ లేదు. దారిలో ఎవరో దాంట్లో వడలు చుట్టేసుకున్నారు. హంతకుడు మెట్లెక్కుతున్నాడు, లోపల అమ్మాయి ఒంటరిగా ఉంది, అక్కడితో కాగితం అయిపోయింది. ఆడవాళ్లు ఉసూరుమన్నారు. చిరిగిపోతే నేనేం చెయ్యను, పత్రిక మడిచేశాను. అప్పుడు గుమ్మానికి ఆనుకుని జామకాయ కొరుకుతున్న పైడి, "ఆడు మెట్లెక్కినాడు గానీ, చెప్పులు కింద ఒగ్గీసినాడు" అంది. అందరూ దాని వైపు తిరిగారు. అంతే. ఎంతసేపు చెప్పిందో తెలీదు, లోపల పప్పు అడుగంటి వీధంతా మాడు వాసన కొడుతున్నా మా అమ్మ లేవలేదు. నేను నా పీట మీద పత్రిక పట్టుకుని దిష్టిబొమ్మలా కూర్చున్నాను. తరువాతి వారం అసలు భాగం వచ్చింది, ఎంతో స్పష్టంగా చదివాను. అయిపోయాక మా అమ్మే, కన్నతల్లే, "ఏటోనే, మన పైడి సెప్పినదే బాగున్నాది" అంది. తెలుగు అక్షరమ్ముక్క రాని పిల్ల నా ముందు గెలిచింది. ఆ రోజు పైడి నాకు ఇచ్చిన సగం జామకాయను కాలవలోకి గిరాటేశాను.

పదహారేళ్లప్పుడు పైడి, వాళ్ల నాన్నదే పాత రైల్వే డైరీ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రాసి ఉంది. భాష తెలుగే, అక్షరాలు బెంగాలీవి. మన 'ళ' కోసం బెంగాలీ 'ల' కింద చుక్కలు కూడా పెట్టుకుంది. ఒక సిగ్నల్ కేబిన్‌లో దెయ్యం, దాని వెనక ఒక హత్య. "నీకు రెండూ వచ్చు గదే ఎస్తేరూ. తెలుగులో ఎత్తి రాసి ఆ పత్రికోళ్లకి పంపీవా?" అని అడిగింది. సరేనన్నాను. రెండు పేజీలు ఎత్తి రాశాను కూడా. మూడో పేజీ దగ్గర, చదువుతూ చదువుతూ, వెనక్కి తిరిగి తలుపు గడియ పడి ఉందో లేదో చూసుకున్నాను. పట్టపగలు. అంత బాగుంది. అప్పటికే నేను రాసిన పద్యాలు, ఒక్క తప్పు లేనివి, రెండుసార్లు పోస్టులో వెనక్కి తిరిగి వచ్చాయి. కలం మూసేశాను. డైరీని మా మామ్మ ట్రంకుపెట్టెలో, క్రిస్మస్ దుప్పట్ల అడుగున పెట్టి, పంపేశానని చెప్పాను.

"ఒచ్చినాదేటే?" అని రోజూ అడిగేది. వేసవి పోయింది, వానలు పట్టాయి, ఎడతెరిపి లేకుండా కురిశాయి, గోడలు చెమ్మగిల్లి, ట్రంకుపెట్టె తెరిస్తే బూజు వాసన వచ్చేది, పైడి మాత్రం గొడుగు వేసుకుని మరీ వచ్చి అడిగేది. ఆ ప్రశ్న భరించలేక ఒక గురువారం చెప్పేశాను. నిన్ననే ఉత్తరం వచ్చిందనీ, వాళ్లకు వద్దనీ, ముగింపు బాగోలేదన్నారనీ, కోపమొచ్చి ఉత్తరాన్నీ రాతప్రతినీ కలిపి చింపేశాననీ.

"నిన్ననా?" అంది.

"ఊ. నిన్ననే."

నా మొహంలోకి కాసేపు చూసింది. "ఠీక్ హై" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. డైరీ ఏదని కూడా అడగలేదు. అది నా అదృష్టమనుకున్నాను.

ఆ శీతాకాలం పైడి ఒక బొగ్గుముక్క పట్టుకుని వచ్చి, "నాకు తెలుగచ్చరాలు నేర్పీ" అంది. ఎలా కాదంటాను? మా పెరటి గోడ మీద రెండు వారాల్లో నేర్పేశాను, గుణింతాలతో సహా. ఆ తరువాత దానికి నాతో పని లేకపోయింది. పెళ్లై వాల్తేరు వెళ్లింది, మొదటి నవల అచ్చయింది, తరువాతదంతా స్రవంతి వాళ్లమ్మకు కూడా తెలుసు. నేను బెంగాలీ బళ్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. దాని కొత్త నవల వచ్చినప్పుడల్లా ఎర్ర కలం పట్టుకుని కూర్చుని అచ్చుతప్పులు వెతికేదాన్ని, ఏ పేజీలోనైనా ఒకటి దొరికితే ఆ పూట అన్నం కాస్త ఎక్కువ తినేదాన్ని. సిగ్గు లేకుండానే రాస్తున్నాను, ఈ వయసులో ఇంకెవరి దగ్గర దాచాలి?

మొన్న వచ్చిన నవల కూడా ఎర్ర కలంతోనే మొదలుపెట్టాను. రైల్వే ఊరు. ఇద్దరు స్నేహితురాళ్లు. ఒక రాతప్రతి మాయం. నూట ఎనభయ్యో పేజీలో డిటెక్టివు ఒక ముసలి టీచరమ్మను అడుగుతాడు: "ఆ వారం బాలాసోర్ అవతల లైను కొట్టుకుపోయింది. నాలుగు రోజులు దక్షిణం నుంచి మెయిలు బండి రాలేదు. గార్డులందరూ ఇళ్లలో పేకాడుకుంటున్నారు. మీకు బుధవారం ఉత్తరం ఎలా వచ్చిందమ్మా?"

ఎర్ర కలం కింద పడిపోయింది. రన్నింగు ఇంటి పిల్లకు, నాన్న నాలుగు రోజులు ఇంట్లో మంచం మీద కూర్చుని ఉంటే, మెయిలు నడవడం లేదని ఒకరు చెప్పాలా? వర్క్‌షాపు ఇంటి దాన్ని, సైరను మోగిందా లేదా అని తప్ప రైలు వచ్చిందా లేదా అని చూడని దాన్ని, బుధవారం అన్నాను! యాభై ఏళ్లకు పైగా దానికి తెలుసు. తెలిసే బొగ్గుముక్క పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. తెలిసే ప్రతి పుస్తకం పంపింది. నవలలో డిటెక్టివు ఆ టీచరమ్మను పట్టివ్వడు, టీ తాగి, గొడుగు విప్పుకుని వెళ్లిపోతాడు. అది చదివి సిగ్గుతో ఏడ్చాను, నిజమే. ఏడుపు ఆగాక మళ్లీ కడుపు మండింది. నా జీవితంలో కథ అనదగ్గది జరిగింది ఒక్కటే, నేను చేసిన ఆ పాపమే. దాన్ని కూడా పైడే రాసేసింది, నాకంటే బాగా.

ఫోన్ చేశాను.

"సదివినావేటే పంతులమ్మా?" అంది.

"చదివాను." కింద పడ్డ ఎర్ర కలం తీసి మూత పెట్టాను. "బాగుంది పైడీ" అన్నాను.

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "డైరీ ఉన్నాదా, అదీ సింపీసినావా?"

"ఉంది."

"అయితే ఎత్తి రాసి పంపీ. సెప్పినాను గదే అప్పుడే."

మా నీమ్‌పురా క్వార్టరు ఇప్పుడు లేదు, అక్కడ గడ్డి పెరిగింది. ఆవిరి ఇంజన్ల పొగ లేదు, బొగ్గుతో అక్షరాలు దిద్దిన గోడ లేదు. వరండాలో బియ్యం ఏరుతూ సీరియలు విన్న ఆడవాళ్లు ఒక్కరూ లేరు, వాళ్ల మనవరాళ్లకు తెలుగు మాట్లాడటం కూడా రాదు. వీధిలో టోటో రిక్షాల హారన్ల మధ్య సైరను కూసినా నాకు సరిగ్గా వినపడదు. మామ్మ ట్రంకుపెట్టె ఉంది. డైరీ అంచులు పురుగు కొట్టింది గానీ బెంగాలీ అక్షరాలూ, 'ల' కింద చుక్కలూ అలాగే ఉన్నాయి.

ఈ పొద్దున మూడో పేజీ దగ్గర మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. ఒక్క మాట కూడా మార్చలేదు. మార్చాలని చెయ్యి లాగింది, నాలుగైదు చోట్ల.

ముగింపు కూడా ముందే తిప్పి చూశాను. చాలా బాగుంది, దాని దుంప తెగ.