సారు గీసిన అక్షరాలు, నేను పెట్టిన సంతకం

మా టైపు సారు పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. బోధన్‌లో నా డీటీపీ దుకాణంలో కూర్చుని ఎడపల్లి వాళ్ళ పెళ్ళికార్డు కంపోజ్ చేస్తున్నాను. నాతోపాటు టైపు నేర్చుకున్న స్నేహితురాలు నిజామాబాద్ నుంచి చేసింది. "సారు పోయిండే. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడట. మల్ల లేవలేదు" అని ఏడ్చింది. పెళ్ళికొడుకు పేరు సగంలో ఉంది. ఆ పేరు పూర్తిచేసి, ప్రింటు తీసి వాళ్ళ చేతిలో పెట్టి, షట్టరు దించి నిజామాబాద్ బస్సెక్కాను. పని మధ్యలో వదిలేసి లేస్తే సారు ఊరుకునేవారు కాదు.

పదకొండో రోజు వాళ్ళింటికి పోతే గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. సారు ఫోటో. పక్కనే "తెలుగు అక్షరాలకు ప్రాణం పోసిన గురువుకు మా సంస్థ అశ్రునివాళి" అని రాసి, కింద హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు. నాలుగేళ్ళ కింద సారు మీద దొంగ అని కేసు పెట్టిన కంపెనీ అది. నేను లోపలికి పోయి వంటింట్లోంచి కత్తి తెచ్చి ఆ తాళ్ళు కోసేశాను. కంపెనీకి జిల్లా డీలరు అక్కడే ఉన్నాడు. "ఏంది మేడం గిది, మర్యాద కోసం కట్టినం గదా" అన్నాడు.

"కేసు పెట్టినప్పుడు యాడ వోయింది నీ మర్యాద?" అన్నాను. అందరూ చూశారు. చూడనీ.

కాబట్టి చదివేవాళ్ళు ఇది శాంతంగా రాసిన నివాళి అనుకోవద్దు. ఇంకా కోపంలోనే ఉన్నాను. ఆ కోపంలో సగం నా మీద.

ఎనభైల చివర్లో మా అమ్మ నన్ను నిజామాబాద్‌లో సారు నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకుపోయింది. అమ్మ బీడీలు చుట్టేది. "నా లెక్క చాట ముంగట కూసోవద్దు సారూ, దీనికి ఏదన్న పని నేర్పుండ్రి" అంది. సారు నన్నొక పాత తెలుగు మిషను ముందు కూర్చోబెట్టి స్క్రూడ్రైవరు చేతికిచ్చారు. "మూత తెరువు బిడ్డా" అన్నారు. వారం రోజులు ఒక్క అక్షరం కొట్టనివ్వలేదు. మూత తెరవడం, దుమ్ము తుడవడం, ఏ మీట నొక్కితే ఏ కడ్డీ లేస్తుందో చూడడం, కుట్టు మిషను నూనె ఒక్కో చుక్క వెయ్యడం. "రిబ్బన్ తెగితే మెకానిక్ కోసం కూసుంటవా? నీ చేతుల ఉన్న మిషన్ల ఏముందో నీకు తెల్వాలె" అనేవారు. ఆ తర్వాతే చేతుల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టడం నేర్పేవారు. తప్పు కొడితే తిట్టరు. తువ్వాలు ఎత్తి చూస్తే మాత్రం వేళ్ళ మీద స్కేలు పడేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఊళ్ళోని టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. సారు నాలుగు మిషన్లు అమ్మి ఒక కంప్యూటరు తెచ్చుకున్నారు. యాభై దాటిన వయసులో పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. ఆయన బాధ ఒకటే. అప్పటికి దొరికే తెలుగు సాఫ్ట్‌వేర్లలో మీటల అమరిక వేరు. ఏళ్ళ తరబడి టైపు నేర్చుకున్న మాలాంటి ఆడపిల్లలందరూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అందుకని టైపు మిషను అమరికతోనే తెలుగు పడేలా ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. దానికోసం అక్షరాలు కూడా తనే గీశారు. గుణింతాలు, ఒత్తులు, అన్నీ గ్రాఫు కాగితాల మీద పెన్సిలుతో. మిషనులో కొట్టిన అక్షరాలను భూతద్దంలో చూస్తూ పెద్దవిగా గీసేవారు. ఆ మిషనులో 'ళ' కడ్డీ కొంచెం వంగి ఉండేది. కాబట్టి సారు 'ళ' కూడా కొంచెం కుడికి ఒరిగింది. సరిచెయ్యరా సార్ అని అడిగితే, "ఉండనీ, గిది మన మిషన్ల పుట్టింది" అని నవ్వేవారు.

అది పూర్తయ్యాక ఫ్లాపీల్లో ఎక్కించి అడిగినవాళ్ళకల్లా ఇచ్చారు. ప్రోగ్రాం ఎలా రాశారో ఆ రాతతో సహా ఇచ్చేవారు. ఫ్లాపీతోపాటు ఒక కాగితం. దాని మీద రెండు వాక్యాలు: "దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. నచ్చకపోతే విప్పి మార్చుకోవచ్చు." జక్రాన్‌పల్లి నుంచి, ధర్పల్లి నుంచి మనుషులు ఖాళీ ఫ్లాపీలు జేబులో పెట్టుకుని వచ్చేవారు. పోలీసు స్టేషను రైటరు కూడా ఒకసారి వచ్చి పట్టుకుపోయాడు. ధర్పల్లి అతను ఒకరోజు, ఒక ఒత్తు పక్కకు జరిగిపోతోందని తనే విప్పి సరిచేసి తెచ్చాడు. ఆ పూట సారు సంబురం చూడాలి. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ ఒత్తు చూపించారు.

నాకు మాత్రం నచ్చలేదు. అప్పటికే బోధన్‌లో దుకాణం పెట్టాను. గానుగ సీజను అయిపోగానే చెరుకు రైతుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు, నాకు చేతినిండా కార్డులు. "గిట్ల ఊకెనే ఇస్తే ఎవలు విలువిస్తరు సార్? మీరు కూడ ఎవలు కాపీ చెయ్యకుంట తాళం పెట్టి అమ్ముండ్రి" అన్నాను. "అమ్మితే తప్పు లేదు బిడ్డా" అన్నారు. "తాళం పెడితేనే తప్పు. రేపు నేను లేకుంటే నువ్వు ఎవలనడుగుతవ్?"

ఆ రోజుల్లోనే హైదరాబాద్ నుంచి కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. మీ గురించి విన్నాను మాస్టారూ అన్నాడు. సారు చాయ్ తెప్పించారు. ఫ్లాపీ ఇచ్చారు, ప్రోగ్రాం మొత్తం ప్రింటు తీసిచ్చారు. గ్రాఫు కాగితాలు సైతం చూపించారు. ఆయన పోయాక, "పట్నమోళ్ళకు గూడ మనది పనికొచ్చింది సూడు" అని మురిసిపోయారు.

ఏడాది తిరగకుండా ఆ కంపెనీ కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పెట్టింది. దానికి తాళం ఉంది. తాళం అంటే ఒక చిన్న డబ్బీ, కంప్యూటరు వెనుక ప్రింటరు తీగ తగిలించే చోట పెట్టాలి. అది లేకపోతే ఒక్క అక్షరం పడదు. మా ఊరి డీటీపీ వాళ్ళం డీలరు దగ్గర చూసి నవ్వుకున్నాం. మీటల అమరిక సారుది. ధర్పల్లి అతను సరిచేసిన ఒత్తు అట్లాగే ఉంది. 'ళ' కుడికి ఒరిగి ఉంది. పేరు మాత్రం వేరు. మా దగ్గర ఉన్నదే మళ్ళీ కొనడం ఎందుకని ఎవరం కొనలేదు.

కొనలేదు కాబట్టే దాడి జరిగింది. ఒక మంగళవారం పొద్దున పోలీసులతో వచ్చి నిజామాబాద్‌లో రెండు దుకాణాలు, బోధన్‌లో నాది, తర్వాత సారు ఇన్‌స్టిట్యూట్ సోదా చేశారు. కంప్యూటర్లు గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి పట్టుకుపోయారు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను దొంగతనంగా కాపీ చేసి జిల్లా అంతా పంచుతున్నాడని సారు మీద ఫిర్యాదు. ఆయన అక్షరాలు ఆయనే దొంగిలించాడట!

స్టేషనుకు నేనూ పోయాను. సారు గ్రాఫు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఎస్సై అడిగాడు: "రిజిస్ట్రేషన్ కాయితం ఉన్నదా పంతులూ?"

"అక్షరాలకు రిజిస్ట్రేషన్ ఏంది సార్? గివి నేను చేత్తోని గీసిన. చూడుండ్రి."

"బొమ్మలు నాకెందుకు? కాయితం ఉన్నదా, లేదా?"

కంపెనీ మనిషి దగ్గర ఆ కాగితం ఉంది. ముద్ర ఉంది, దాని కింద సంతకం ఉంది. ఎస్సై దాన్ని చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. గ్రాఫు కాగితాలు ముట్టుకోలేదు. మా సారు ఇంటికి వచ్చి తాగిపోయిన చాయ్ గురించి కంపెనీ మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత చార్జిషీటు కూడా స్టేషను రైటరు సారు ఇచ్చిన అక్షరాల్లోనే కొట్టాడు. ఎవరికీ సిగ్గనిపించలేదు.

ఇప్పుడు నా సంగతి. నెల రోజులు దుకాణం మూతపడింది. పెళ్ళిళ్ళ కాలం. కార్డులకు ఆర్డరిచ్చినవాళ్ళు ఇంటికొచ్చి అరుస్తున్నారు. డీలరు వచ్చి, తాళమున్న సాఫ్ట్‌వేర్ కొని, ఒక స్టేట్‌మెంటు మీద సంతకం పెడితే కేసులోంచి తీసేసి కంప్యూటరు ఇప్పిస్తామన్నాడు. అందులో ఇలా ఉంది: "ఈ సాఫ్ట్‌వేర్‌ను టైపు మాస్టారు తనదని చెప్పి నాకు ఇచ్చాడు. అది కంపెనీదని నాకు తరువాత తెలిసింది." చదవకుండా పెట్టానని చెప్పను. రెండుసార్లు చదివాను. అబద్ధమని తెలిసే పెట్టాను. సారు మీద కేసులో నేను మూడో సాక్షినయ్యాను.

పది రోజులకు ధైర్యం చేసి సారు ఇంటికి పోయాను. ఆయన తల ఎత్తలేదు. కొత్త గ్రాఫు కాగితం మీద ఏదో గీస్తున్నారు.

"మిషన్ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"అయితే పో, పని చూస్కో. ఈడ ఎందుకొచ్చినవ్?"

నేను కదల్లేదు. ఏడుపొచ్చింది. అప్పుడు అరిచారు. అన్నేళ్ళలో ఆయన గొంతు అంత లేవడం నేను వినలేదు. "కోపం లేదనుకోకు. మస్తున్నది! వాని మీద ఉన్నది, నీ మీద ఉన్నది. యాడ వెట్టుకోవాల్నో తెల్వక గివి గీస్తున్న." పెన్సిలు మొన విరిగింది. దాన్ని చెక్కుకుంటూ కొంచెంసేపటికి, "వాయిదా పడ్డనాడు కోర్టుల నిజం చెప్పు. అది చాలు" అన్నారు. చెప్తానన్నాను.

పాత అక్షరాలు కేసులో ఉన్నాయి కాబట్టి ఆయన మొత్తం మళ్ళీ గీస్తున్నారు. ఈసారి తన చేతిరాత నుంచి. రెండేళ్ళు పట్టింది. ఆ మధ్యలో ఒక కంప్యూటరు పత్రికలో, వేరే దేశాల్లో ప్రోగ్రాములు ఇలాగే విప్పి పంచుకునేవాళ్ళు ఒక షరతు రాసుకున్నారని చదివారు. తీసుకున్నవాడు కూడా అలాగే విప్పి ఇవ్వాలన్న షరతు. "నేను చేసిన తప్పు దొరికిందే" అన్నారు నాతో. "మార్చుకో అన్న గని, మార్చినంక మూత పెట్టొద్దని రాయలే." కొత్త ఫ్లాపీలతో ఇచ్చే కాగితం మీద మూడో వాక్యం చేరింది: "మార్చి ఇచ్చేవాళ్ళు ఎలా మార్చారో అదీ చూపించి ఇవ్వాలి, ఎవరూ దీనికి తాళం వెయ్యరాదు." వకీలు అది చూసి నవ్వాడట. "నవ్వనీ" అన్నారు సారు.

కంపెనీ ఒకసారి రాజీకి వచ్చింది. ఆ అక్షరాలు తమవేనని రాసిస్తే కేసు తీసేస్తాం, జిల్లా డీలర్‌షిప్ ఇస్తాం అన్నారు. సారు భార్యను మేమంతా అక్క అనేవాళ్ళం. కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయిన అక్క, "ఒప్పుకుంటే ఏం పోతది?" అని అడిగింది. సారు, "మూత తెరువుండ్రని పిల్లలకు చెప్పి బతికిన. ఇప్పుడు మూతలు అమ్ముకోవాల్నా?" అన్నారు. అక్క మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈలోగా ఆఫీసులన్నీ కంపెనీదే కొన్నాయి. కంపెనీదైతేనే నమ్మకమట. రెండేళ్ళకు కొత్త కంప్యూటర్లొచ్చాయి, పాత డబ్బీలు పనిచెయ్యడం మానేశాయి. కంపెనీని అడిగితే అది ఆపేశాం, కొత్తది కొనండి అన్నారు. నా దుకాణంలో ఆ రెండేళ్ళ ఫైళ్ళు తెరుచుకోలేదు. ఒక బీడీ కార్మికుల సంఘం పేర్ల జాబితా మొత్తం నేను కాగితం చూసి మళ్ళీ కొట్టాను, సారు రెండోసారి గీసిన అక్షరాలతో. డబ్బు పెట్టి కొన్నది తెరవడానికి నాకు హక్కు లేదు. ఊరికే వచ్చింది మాత్రం ఇప్పటికీ తెరుచుకుంటోంది.

కేసు సాగుతూనే ఉంది. వాయిదా రోజు సారు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, అందరికంటే ముందు వచ్చి బెంచీ చివర కూర్చునేవారు. నేను పక్కన కూర్చునేదాన్ని. ముద్దాయీ, ముద్దాయికి వ్యతిరేక సాక్షీ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్ళం. ఒకనాడు కంపెనీ వకీలు రాడు, ఇంకోనాడు జడ్జిగారు సెలవు. నన్ను బోనెక్కించే రోజు రాలేదు. సారు ఎదురుచూస్తూనే పోయారు.

మొన్న మళ్ళీ వాయిదా. మరణ ధ్రువపత్రం పట్టుకుని అక్కతో కోర్టుకు పోయాను. బంట్రోతు తలుపు దగ్గర నిలబడి సారు పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి నేను లోపలికి పోయి, "సచ్చిపోయిండు సార్" అన్నాను. మెజిస్ట్రేటు కాగితం చూసి ఏదో రాశారు. ముద్దాయి చనిపోయినందున కేసు ముగిసిందన్నారు. కంపెనీ వకీలు లేచి విచారం తెలిపి కూర్చున్నాడు.

"సార్, నేను మూడో సాక్షిని. నేను చెప్పేది ఉన్నది" అన్నాను.

"ఇప్పుడు అవసరం లేదమ్మా."

"నేను పెట్టిన దస్తకత్ అబద్ధం సార్. అక్షరాలు మా సారువి."

"కేసే లేదు. బయటికి నడువమ్మా." ఫైలు పక్కకు వెళ్ళిపోయింది.

అక్కకు లోపలి మాటలు సరిగా వినపడలేదు. నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఏమన్నరు? అక్షరాలు ఎవలియన్నరు?"

"అయిపోయిందన్నరు అక్కా."

"గదే, ఎవలియన్నరు?"

పోదాం పా అన్నాను. ఆమె కదల్లేదు. కోర్టు హాలు గడపకు ఎదురుగా అట్లాగే నిలబడింది, ఎవరో ఒకరు వచ్చి చెప్తారన్నట్టు. బంట్రోతు ఆమె భుజం మీదుగా మెడ చాచి, వరండాలోకి తరువాతి పేరు పిలుస్తున్నాడు.